ఒక సీడీకి ఒక చొక్కా

చొక్కా కుట్టడానికి ఎంతసేపు పడుతుందని ఎవరైనా అడిగితే మా నాన్న గంటల్లో చెప్పేవాడు కాదు. "ఒక సీడీ పడుతుందండీ" అనేవాడు. నా చిన్నప్పుడైతే "ఒక క్యాసెట్టు" అనేవాడు. కొత్తగా వచ్చినవాళ్ళకి ఆ లెక్క అర్థమయ్యేది కాదు. అమ్మకీ, నాకూ, చెల్లికీ, కాజాలు కుట్టే అబ్బాయికీ మాత్రం అంతకన్నా నమ్మకమైన గడియారం ఇంకోటి లేదు. మొదటి పాటకి జేబు అయిపోవాలి. మూడో పాట అయ్యేసరికి ముందు పట్టీ, భుజాలు అయిపోవాలి. సైడు మారేలోపు కాలర్ ఎక్కించేయాలి. రెండో సైడంతా చేతులు, కఫ్‌లు, పక్క కుట్లు, కింద మడత. ఆఖరి పాట ఆఖరి చరణంలో నాన్న దారం తెంపి, చొక్కాని రెండు చేతులతో పట్టుకుని ఒక్క దులుపు దులిపాడంటే ఆ రోజు పని సవ్యంగా నడుస్తున్నట్టు.

మా షాపు తెనాలిలో, బోసు రోడ్డు నుంచి లోపలికి పోయే ఒక సందులో ఉండేది. ముందు గది షాపు, వెనక రెండు గదులు ఇల్లు. రెండు మిషన్లు, ఒక కటింగ్ బల్ల, గోడకి నిలువుటద్దం, అద్దం పక్కన చెక్క అర మీద టేప్‌రికార్డర్. నాన్న 1974లో, పద్నాలుగేళ్ళ వయసులో, పని నేర్చుకోవడానికి తెనాలి వచ్చి ఒక మాస్టారి దగ్గర చేరాడు. ఘంటసాల గారు పోయింది ఆ ఏడాది ఫిబ్రవరి 11న. "రేడియోలో ఆయన పాట వచ్చినప్పుడల్లా మా మాస్టారు మిషను తొక్కడం ఆపేసేవాడురా. ఆ చప్పుడులో పాట వినపడదని. మేం పిల్లలం కాజాలు కుట్టుకుంటూ వినేవాళ్ళం. చేతి కుట్టుకి చప్పుడుండదు కదా" అని నాన్న ఎన్నిసార్లు చెప్పాడో. అప్పట్లో విజయవాడ కేంద్రం, రేడియో సిలోన్ ఏది వేస్తే అదే పాట. మనకి కావలసింది మనం అడిగినప్పుడు రాదు. అందుకే సొంత షాపు పెట్టుకున్నాక నాన్న కొన్న మొదటి పెద్ద వస్తువు రెండో మిషను కాదు, టేప్‌రికార్డర్.

క్యాసెట్లు కొన్నవి తక్కువ, రికార్డు చేయించినవి ఎక్కువ. ఎనభైల్లో, తొంభైల్లో పెరిగినవాళ్ళకి ఆ రికార్డింగ్ షాపులు గుర్తుంటాయి. కావలసిన పాటలు కాగితం మీద రాసిస్తే, 60 నిమిషాల ఖాళీ క్యాసెట్టులోనో 90 నిమిషాల దాంట్లోనో ఎక్కించి రెండు మూడు రోజులకి ఇచ్చేవాళ్ళు. నాన్న ఎప్పుడూ 60 నిమిషాలదే తీసుకునేవాడు. సైడుకి ముప్పై నిమిషాలు, సుమారు ఏడు పాటలు. ఆ చీటీ రాయడానికి నాన్న పడే అవస్థ నేను చూశాను. రాత్రి అన్నం తిన్నాక కటింగ్ బల్ల మీద కాగితం పెట్టుకుని, చెవి మీది పెన్సిలు తీసి, ఒక పాట రాసి, కొట్టేసి, మళ్ళీ రాసి. మొదటి పాట నెమ్మదిగా ఉండాలి, అప్పుడే మిషను ముందు కూర్చుంటాం కదా. కాలర్ దగ్గర హుషారు పాట వద్దు, చేయి తొందరపడుతుంది. పక్క కుట్ల దగ్గర ఎంత హుషారైనా ఫరవాలేదు, అది తిన్నగా పోయే కుట్టు. ఈ మాటలు నాన్న నాతో చెప్పలేదు. ఒకసారి కాజాల అబ్బాయికి చెప్తుంటే విన్నాను. అప్పటిదాకా అవి పాటల జాబితాలనే అనుకున్నాను.

2005 ప్రాంతంలో క్యాసెట్లు నలగడం మొదలెట్టాయి. టేపు రోలర్‌కి చుట్టుకుపోవడం, పాట సాగిపోవడం. అప్పటికి సీడీ ప్లేయర్లు అందరిళ్ళలోకీ వచ్చేశాయి. నాన్న క్యాసెట్లన్నీ సంచిలో వేసుకుని, పాత రికార్డింగ్ షాపాయన దగ్గరికే వెళ్ళాడు. ఆయన అప్పటికి కంప్యూటర్ పెట్టుకుని సీడీలు కొడుతున్నాడు. "మాస్టారూ, ఒక సీడీలో 80 నిమిషాలు పడతాయి, ఒక క్యాసెట్టూ ఇంకో ఐదారు పాటలూ ఎక్కిద్దాం, మీకు డబ్బులు కలిసొస్తాయి" అన్నాడట. నాన్న ఒప్పుకోలేదు. ఒక క్యాసెట్టుకి ఒక సీడీ. అదే పాటలు, అదే వరస. అలా నలభై ఒక్క సీడీలు తయారయ్యాయి. వాటి మీద స్కెచ్ పెన్నుతో 1, 2, 3 అని అంకెలు. అమ్మ వాటిని "బిళ్ళలు" అనేది. "మీ నాన్న బిళ్ళ మార్చాడు, కుక్కరు ఎక్కిస్తాను" అనేది.

ఒక్క తేడా మాత్రం వచ్చింది. క్యాసెట్టు అయితే అరగంటకోసారి లేచి సైడు మార్చాలి. సీడీ అయితే గంటకోసారి లేస్తే చాలు.

2011 చివర్లో, సరిగ్గా సంక్రాంతి పని మీద ఉన్నప్పుడు, సీడీ ప్లేయర్ పోయింది. దర్జీ ఇంట్లో పుట్టినవాళ్ళకి తెలుస్తుంది, డిసెంబరు పదిహేను నుంచి భోగి రాత్రి దాకా ఇంట్లో ఎవరికీ తల ఎత్తే తీరిక ఉండదు. పల్లెల నుంచి గుడ్డలు తెచ్చి పడేసినవాళ్ళంతా పండగ నాటికి కావాలంటారు. అలాంటి రోజుల్లో షాపులో పాట లేదు. ప్లేయర్ విప్పి చూపించిన మెకానిక్ లోపల లెన్సు చుట్టూ దూదిలా పేరుకున్న నూలు పీచు తీసి నాన్న చేతిలో పెట్టాడట. ఆరేళ్ళ పాటు మిషను పక్కనే ఉన్న ప్లేయర్ అది. ఎగిరిన పీచంతా దాంట్లోకే పోయింది. లెన్సు మారిస్తే బాగుపడుతుంది, కానీ ఆ లెన్సు ఇప్పుడు దొరకదు, దొరికినా కొత్త డబ్బా ధర అవుతుంది అన్నాడు.

నాన్న విజయవాడ వెళ్ళి బీసెంటు రోడ్డులో పెన్‌డ్రైవ్ పెట్టుకునే స్పీకర్ డబ్బా ఒకటి కొనుక్కొచ్చాడు. ఎఫ్ఎం కూడా వస్తుంది. ముందు వైపు ఎర్ర అంకెలు వెలుగుతాయి, అంతే, పాట పేరు కనపడదు. దాంతోపాటు ఒక 8 జీబీ పెన్‌డ్రైవ్. దగ్గర్లో సెల్ రిపేరు షాపు ఉంటే సీడీలు పట్టుకెళ్ళి "ఇవన్నీ దీంట్లో ఎక్కించు బాబూ" అని ఇచ్చాడు. సాయంత్రానికి తిరిగి ఇచ్చేశాడు ఆ అబ్బాయి. డబ్బులు కూడా ఎక్కువేం తీసుకోలేదు.

ఆ రాత్రి నాన్న నాకు ఫోన్ చేశాడు. నేనప్పుడు హైదరాబాదులో ఒక ఆఫీసులో అకౌంట్స్ చూస్తున్నాను.

"ఎక్కించాడురా. డబ్బా పాడట్లేదు."

"పెన్‌డ్రైవ్ సరిగ్గా గుచ్చావా నాన్నా?"

"గుచ్చా. దీపం వెలుగుతోంది, ఆరిపోతోంది. పాట రాట్లేదు. పండగకి వస్తావుగా, చూద్దువులే."

భోగి ముందు రోజు పొద్దున్నే తెనాలిలో దిగి, ఆఫీసు లాప్‌టాప్‌లో ఆ పెన్‌డ్రైవ్ పెట్టి చూశాను. నలభై ఒక్క ఫోల్డర్లు. ఒక్కోదాంట్లో ట్రాక్01, ట్రాక్02 అని పద్నాలుగేసి ఫైళ్ళు. అన్నీ ఉన్నాయి. కానీ ఒక్కో ఫైలు సైజు ఒక్క కేబీ. లోపలికి వెళ్ళి చూస్తే సరిగ్గా 44 బైట్లు. నాలుగు నిమిషాల పాట 44 బైట్లలో ఎలా పడుతుంది?

ఆ అబ్బాయిది తప్పు కాదు. ఆడియో సీడీని కంప్యూటర్‌లో పెడితే విండోస్ మనకి ఫైళ్ళలా చూపించేవి నిజంగా పాటలు కావు. సీడీఏ అని ఉంటుంది వాటి చివర. ఈ పాట సీడీ మీద ఎక్కడ మొదలవుతుంది, ఎంత పొడుగు అని రాసుకున్న చీటీలు అవి. వాటిని కాపీ చేసి పెన్‌డ్రైవ్‌లో పెడితే చీటీలు వస్తాయి గానీ పాటలు రావు. పాట సీడీలోనే ఉండిపోతుంది. నలభై ఒక్క సీడీలకీ ఓపిగ్గా చీటీలు పట్టుకొచ్చి పెట్టాడు పాపం.

పాటని సీడీ నుంచి తీసి ఎంపీ3గా మార్చాలి. నాకూ అప్పటికి అది రాదు. లాప్‌టాప్‌లో విండోస్ మీడియా ప్లేయర్ తెరిచి వెతికితే రిప్ అని బటన్ కనపడింది. దాని సెట్టింగుల్లో మామూలుగా ఉండేది డబ్ల్యూఎంఏ. ఆ రకం నాన్న డబ్బా చదవదు, దాని అట్ట మీద ఎంపీ3 అని ఒక్కటే ఉంది. మార్చాను. కింద ఒక జారుడు మీట, సెకను పాటకి ఎంత చోటివ్వాలో చెప్పేది, 128 నుంచి 320 దాకా. 128 దగ్గర పెడితే సీడీకి 57 ఎంబీ అని, 192 దగ్గర పెడితే 86 ఎంబీ అని అక్కడే చూపిస్తుంది. సీడీలో పాట సెకనుకి 44,100 ముక్కలుగా, ఏదీ వదలకుండా రాసి ఉంటుంది. నిమిషానికి పది ఎంబీ. ఎంపీ3లో మన చెవికి పెద్దగా తెలియనివి వదిలేస్తారు కాబట్టి అందులో ఎనిమిదో వంతుకో పదో వంతుకో దిగిపోతుంది. నేను 192 దగ్గర పెట్టాను. నలభై ఒకటిని 86తో గుణిస్తే మూడున్నర జీబీ. 8 జీబీలో హాయిగా పడుతుంది, ఇంక పిసినారితనం ఎందుకు?

లాప్‌టాప్ కటింగ్ బల్ల మీద ఒక మూలన, అటూ ఇటూ గుడ్డల కట్టలు. నాన్న మిషను మీద, నేను బల్ల దగ్గర. భోగి, సంక్రాంతి, కనుమ మూడు రోజులూ అదే పని. బాగున్న సీడీ ఏడెనిమిది నిమిషాల్లో అయిపోయేది. గీతలు పడ్డవి అరగంట తీసుకునేవి, డ్రైవ్ గుర్రుమని తిరిగి, ఆగి, మళ్ళీ తిరిగి. భోగి నాడు నాన్న ఇంకా కుడుతూనే ఉన్నాడు. తీసుకెళ్ళేవాళ్ళు గుమ్మంలో నిలబడి ఉన్నారు. షాపులో పాట లేదు కానీ నా లాప్‌టాప్‌లో సీడీ తిరిగే చప్పుడు ఉంది. "దాన్నైనా తిరగనీరా, ఏదో ఒకటి తిరుగుతుంటే బాగుంది" అన్నాడు.

గీతల గురించి ఒక మాట చెప్పాలి, ఇంకా ఇళ్ళలో సీడీలు దాచుకున్నవాళ్ళు ఉంటారు. మా నాన్న సీడీ మీద దుమ్ము పడితే పాప్లిన్ ముక్క తీసుకుని గుండ్రంగా తుడిచేవాడు, పళ్ళెం తుడిచినట్టు. అలా తుడవకూడదు. మధ్య చిల్లు నుంచి అంచుకి తిన్నగా తుడవాలి. సీడీలో పాట గుండ్రంగా, లోపలి నుంచి బయటికి చుట్టుకుంటూ పోయిన ఒకే దారి. గీత దానికి అడ్డంగా పడితే ఒక్కో చుట్టులో కాస్తే పోతుంది. రెండున్నర మిల్లీమీటర్ల దాకా పోయినా పక్కనున్న సమాచారంతో దాన్ని పూడ్చుకునే ఏర్పాటు సీడీలోనే ఉంది. గీత గుండ్రంగా, దారి వెంబడే పడితే ఒకే చోట పొడుగ్గా పోతుంది, పూడ్చడానికి కుదరదు. ఇంకోటి, మనం అందరం మెరిసే వైపు జాగ్రత్తగా చూసుకుంటాం. నిజానికి పైన పేరు రాసే వైపే పలచన. వెండి పూత ఆ వైపే ఉంటుంది, దాని మీద ఒక్క పొర లక్క లాంటిది, అంతే. మా ఇరవై ఏడో నంబరు సీడీని ట్యూబ్‌లైటుకి ఎదురు పట్టి చూస్తే సూది గుచ్చినట్టు మూడు చోట్ల వెలుతురు కనపడింది. ఆ మూడు చోట్లా పాట లేదు. దానికి ఏ తుడుపూ లేదు.

పదకొండు పాటలు పోయాయి మొత్తం మీద. వాటిలో ఎక్కువ భాగం ఆయా సీడీల ఆఖరి పాటలే. లోపలి నుంచి బయటికి రాస్తారు కాబట్టి ఆఖరి పాట వేళ్ళు తగిలే అంచుకి దగ్గరగా ఉంటుంది. ఆ పదకొండిటినీ కొత్త సీడీలు కొని వాటిలోంచి తీశాను.

పాటలన్నీ వచ్చాక ఇంకో పని మిగిలింది. ఇంట్లో నెట్ లేదు. ఉన్నా ఇవి షాపులో కొట్టిన సీడీలు, వాటి వివరాలు ఎక్కడా ఉండవు. మీడియా ప్లేయర్ ప్రతి సీడీకీ అన్‌నోన్ ఆల్బమ్ అని పేరు పెట్టి పక్కన తేదీ, టైము వేసింది. లోపల ట్రాక్ 1, ట్రాక్ 2. చూడ్డానికి బాగాలేదు. కనుమ నాడు మధ్యాహ్నం, గారెలు తిన్నాక, నాన్నని పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కో పాట మొదలు వినిపించి, పల్లవి అడిగి, ఇంగ్లీషు అక్షరాల్లో టైపు చేశాను. నాన్న వాద్యం మొదలవగానే చెప్పేసేవాడు. గొంతు వచ్చేదాకా ఆగేవాడు కాదు. ముందున్న 01, 02 అంకెలు అందవికారంగా ఉన్నాయని నేనే తీసేశాను. ఐదు వందల డెబ్భై నాలుగు పేర్లు. రాత్రి పదకొండుకి పెన్‌డ్రైవ్ డబ్బాకి గుచ్చాము. ఎర్ర అంకె 1 వెలిగింది. పాట వచ్చింది. అమ్మ లోపల్నించి వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. పాటంటూ వచ్చినందుకే నా ప్రాణం లేచొచ్చింది.

నాన్న రెండు పాటలు విన్నాడు. మూడోది మొదలవగానే మిషను వైపు చూసి, డబ్బా వైపు చూశాడు.

"ఇది ఇప్పుడు రాకూడదు కదరా" అన్నాడు.

"పాట అదే కదా నాన్నా."

"పాట అదే. ఇది చేతులు కుట్టేటప్పుడు పాట."

అప్పుడు నాకు ఆ రాత్రుళ్ళు, ఆ చీటీలు, చెవి మీది పెన్సిలు గుర్తుకొచ్చాయి. నేను అంకెలు తీసేసి పేర్లు పెట్టడంతో పాటలన్నీ ఇంగ్లీషు అక్షరాల వరసలో కూర్చున్నాయి. ఏ తో మొదలయ్యేవి ముందు, వై తో మొదలయ్యేవి చివర. ముప్పై ఏళ్ళ వరస పోయింది. వెంటనే పెన్‌డ్రైవ్‌లోనే పేర్ల ముందు అంకెలు చేర్చాను. ఒక్క ఫోల్డర్‌కి చేసి వినిపించాను. వరస మారలేదు. ఆ చవక డబ్బాలు పేరు చూడవు. ఫైళ్ళు పెన్‌డ్రైవ్‌లోకి ఏది ముందు ఎక్కితే అది ముందు పాడతాయి. ఈ సంగతి మర్నాడు ఆఫీసులో ఒకాయనకి ఫోన్ చేస్తే చెప్పాడు. పెన్‌డ్రైవ్ మొత్తం ఖాళీ చేసి, లాప్‌టాప్‌లో ఉన్నవాటికి అంకెలు పెట్టి, మళ్ళీ మొదటి నుంచి ఎక్కించమన్నాడు. "ఫ్యాట్ 32లోనే ఫార్మాట్ చెయ్యి, ఎన్‌టీఎఫ్‌ఎస్ పెట్టావంటే డబ్బా అసలు చదవదు" అని కూడా అన్నాడు. రెండూ పెన్‌డ్రైవ్‌లో ఫైళ్ళు సర్దే పద్ధతులు.

సెలవు ఒకరోజు పొడిగించాను. నాన్న దగ్గర పాత చీటీలు కొన్ని ఉన్నాయి, దేవుడి పటం వెనక, రబ్బరు బ్యాండు వేసి. లేనివాటికి సీడీ వరసే ఆధారం. అన్నిటికీ అంకెలు పెట్టి, ఖాళీ చేసి, ఎక్కించి, సాయంత్రం రైలెక్కాను. రైలు గుంటూరు దాటాక ఫోన్ వచ్చింది. వెనక పాట వినపడుతోంది. నాన్న ఏం మాట్లాడలేదు. కాసేపు వినిపించి పెట్టేశాడు.

ఇదంతా అయిపోయిందనుకున్నాను. మార్చిలో అమ్మ ఫోన్ చేసింది.

"మీ నాన్నకి నడుం పట్టేసిందిరా. నూనె రాస్తున్నా, కాపడం పెడుతున్నా, తగ్గట్లేదు."

"పని ఎక్కువుందా అమ్మా?"

"పని ఎప్పుడూ ఉండేదే. లేవట్లేదు మనిషి. పొద్దున కూర్చుంటే మధ్యాహ్నం అన్నానికి పిలిస్తేనే లేవడం. మంచినీళ్ళు కూడా తాగట్లేదు. ఆ డబ్బా ఆగితే కదా లేచేది."

ఫోన్ పెట్టేశాక చాలాసేపు ఆ మాటే తిరిగింది నా మనసులో. క్యాసెట్టు ఉన్న రోజుల్లో అరగంటకోసారి టక్కుమని మీట పైకి లేచేది. నాన్న లేచి, సైడు మార్చి, కూజాలో నీళ్ళు తాగి, గుమ్మంలోకి వెళ్ళి సందు అటూ ఇటూ చూసి వచ్చి కూర్చునేవాడు. సీడీకి వచ్చాక గంటకోసారి. ఇప్పుడు ఐదు వందల డెబ్భై నాలుగు పాటలు, ముప్పై ఎనిమిది గంటలు పైచిలుకు, ఎక్కడా ఆగకుండా. ఆఖరుకి వచ్చాక మళ్ళీ మొదటికి. ఆ ఆగకపోవడాన్ని మంచి సౌకర్యమనుకుని తెచ్చి ఇచ్చినవాణ్ణి నేనే. మా నాన్నకి పాట ఆగడం కూడా పనిలో భాగమని నాకు తట్టలేదు.

ఉగాదికి వెళ్ళేముందు ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్ దించుకున్నాను. శబ్దాలు కత్తిరించి అతికించుకునేది, ఉచితంగా దొరుకుతుంది. దాంట్లో నిశ్శబ్దం తయారుచేసే మెనూ ఉంది. ఎన్ని నిమిషాలో చెబితే అన్ని నిమిషాల నిశ్శబ్దం ఇస్తుంది, తెర మీద ఒక తిన్నటి గీతలా. ఐదు నిమిషాలు పెట్టి 192లోనే ఎంపీ3 చేశాను. ఏడు ఎంబీ అయింది. నాలుగు నిమిషాల పాట ఆరు ఎంబీ లోపే. అంత రేటు అని ఒకసారి పెట్టాక లోపల పాటున్నా లేకపోయినా సెకనుకి అంతే చోటు తీసుకుంటుంది. ఏమీ లేని ఫైలు పాటకన్నా బరువుగా ఉండటం చూసి ఆ రాత్రి గదిలో ఒక్కణ్ణీ చాలాసేపు దాన్నే వింటూ కూర్చున్నాను. ఫ్యాను చప్పుడు వినపడింది, కింద రోడ్డు మీద కుక్కలు వినపడ్డాయి.

ప్రతి ఫోల్డర్ చివరా దాన్ని పెట్టి, పెన్‌డ్రైవ్ ఖాళీ చేసి, మళ్ళీ వరసగా ఎక్కించాను. ఉగాది పచ్చడి తిన్నాక నాన్న మిషను మీద కూర్చున్నాడు. పండగ రోజైనా ఒక ప్యాంటు కింద మడత ఉందట. నేను ఏమీ చెప్పలేదు. పద్నాలుగో పాట అయిపోయింది. డబ్బా ఆగింది. నాన్న ఇంకో నాలుగు కుట్లు వేసి తలెత్తాడు. లేచాడు. డబ్బా దగ్గరికి వెళ్ళి, పెన్‌డ్రైవ్ కాస్త కదిపి చూశాడు. అంకెలు నడుస్తూనే ఉన్నాయి. దాని మీద చెయ్యి వేసి, చెవి దగ్గర పెట్టి విన్నాడు.

"ఆగిపోయిందిరా."

"ఆగలేదు నాన్నా. ఐదు నిమిషాలు అంతే. నీళ్ళు తాగి రా, మళ్ళీ వస్తుంది."

నా మొహంలోకి చూశాడు. అమ్మ వైపు చూశాడు. అమ్మ అప్పుడే గ్లాసుతో గుమ్మంలో ఉంది. నాన్న నీళ్ళు తాగి, నడుం మీద రెండు చేతులూ పెట్టుకుని వెనక్కి వంగి, సందులోకి వెళ్ళి నిలబడ్డాడు. పక్కింటి గోడ మీది వేపపూత చూస్తూ నిలబడ్డాడు. రెండో ఫోల్డర్ మొదటి పాట వాద్యం మొదలయ్యాక లోపలికి వచ్చాడు.

ఆ సాయంత్రం, నేను సంచి సర్దుకుంటుంటే వచ్చి మంచం మీద కూర్చున్నాడు.

"ఒరే, అది ఏడో పాట తర్వాత కూడా పెట్టగలవా?"

"ఎందుకు పెట్టలేను?"

"పాత సైడు అక్కడ అయిపోయేది. కాలర్ ఎక్కించాక ఒకసారి లేచి దూరం నుంచి చూసుకోవాలి. కూర్చుని చూస్తే వంకర తెలీదు."

మధ్యలో ఒక ఫైలు చేర్చాలంటే మళ్ళీ అన్నీ తీసి, అన్నీ ఎక్కించాలి. ఎక్కించిన వరసే దాని వరస కదా. లాప్‌టాప్ మళ్ళీ బయటికి తీశాను. రైలుకి ఇంకా మూడు గంటలుంది. అంకెలన్నీ మార్చడానికి రెండు గంటలు పట్టింది. ఎనిమిదోది నిశ్శబ్దం, పదహారోది నిశ్శబ్దం, ప్రతి ఫోల్డర్‌లోనూ అంతే. ఆ తర్వాత ఎనిమిదేళ్ళ పాటు, షాపు మూసేదాకా, ఆ పెన్‌డ్రైవ్‌నే వాడాడు. ఎవరో 64 జీబీది బహుమతిగా ఇస్తే డబ్బా దాన్ని చదవలేదు, నాన్న కూడా దాన్ని మళ్ళీ అడగలేదు.

మొన్న ఇల్లు సున్నాలు వేయించడానికి సామాన్లు తీస్తుంటే నాన్న కొలతల పుస్తకాలు బయటపడ్డాయి. పొడుగాటి రూళ్ళ పుస్తకాలు. ప్రతి పేజీలో పేరు, కింద ఛాతీ, నడుం, భుజం, చేయి, మెడ. మా నాన్న రాత చిన్నగా, కుట్టులాగే తిన్నగా ఉంటుంది. 2012 పుస్తకం వెనక అట్ట లోపల పాటల నంబర్లు రాసుకున్నాడు. డబ్బాలో అంకె తప్ప ఏమీ కనపడదు కదా, నచ్చిన పాటలకి గుర్తు. 3 పక్కన ఒక పల్లవి, 11 పక్కన ఒక పల్లవి, 21, 38, అలా నాలుగు వందల దాకా. వాటి మధ్యలో, అదే పెన్సిలుతో, అదే వరసలో:

8 – మంచినీళ్ళు.
16 – గుమ్మం.
24 – మంచినీళ్ళు.
32 – గుమ్మం.
40 – మంచినీళ్ళు.
48 – టీ.